అంతా చెప్పినాను

ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఏళ్ళయింది. ఆ మాట నాది కాదు, ఇంకొకామెది. నలుగురికీ వినిపించమని నన్ను నమ్మి అప్పజెప్పింది. నేను వినిపించలేదు. వినిపించానని ఆమెతో చెప్పాను.

ఇంతేనా అని మీకు అనిపించవచ్చు. ఎవరినీ కొట్టలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. నేనూ చాలాకాలం ఇలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ కూర తరుగుతున్నప్పుడు, టెంపోలో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, ఎవరైనా నన్ను మంచిదానివని మెచ్చుకున్నప్పుడు మరీ ముఖ్యంగా, ఆమె ముఖం కళ్ళముందుకు వస్తుంది. నేను చేసింది అంత చిన్న తప్పే అయితే ఇన్నాళ్ళు ఎందుకు రావాలి? మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఆమె పేరు మాత్రం మార్చాను. సుభద్ర అనుకోండి.

మాది పుదుచ్చేరి, ముదలియార్‌పేట. ముత్తాతల కాలంలో ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నా భర్త మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డాక దొరికిన పనల్లా చేశాడు. పని దొరకనప్పుడు తాగాడు, దొరికినప్పుడూ తాగాడు. తాగొచ్చే మనిషి ఉన్న ఇంట్లో ఆడదానికి చెవులే కళ్ళు. వీధి మలుపులో చెప్పుల చప్పుడు విని, ఈ పూట అన్నం వడ్డించాలో, పిల్లవాణ్ణి తీసుకుని పక్కింటికి పోవాలో తెలుసుకునేదాన్ని. చివరికి లివరు చెడి మంచం పట్టాడు. పోయేదాకా చాకిరీ చేశాను. శవం లేపేటప్పుడు కళ్ళు తిరిగి పడిపోయాను. పొద్దుట్నుంచి గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు, అందుకు పడ్డాను. వీధి వీధంతా మాత్రం, మొగుడంటే ఎంత ప్రాణమో చూడండి అని చెప్పుకుంది. నేను కాదనలేదు.

తర్వాత నాకు నిద్ర పట్టడం మానేసింది. కూరలో ఉప్పు వేశానో లేదో తెలిసేది కాదు. కొడుకు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, ఏ ఆసుపత్రో చెప్పను. డాక్టరు మాత్రలు రాసిచ్చి, మంగళవారం మంగళవారం గ్రూప్ థెరపీకి రమ్మన్నాడు.

అదేమిటో నాకు తెలీదు. తెలిశాక ఒళ్ళు మండింది. నా ఏడుపు నేను ఏడవలేక చస్తుంటే, పదిమంది ఏడుపు కూర్చుని వినడం వైద్యమా? వెళ్ళి చూస్తే ఒక గది, గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను, మధ్యలో ఏమీ లేదు. టేబుల్ కూడా లేదు, వెనక దాక్కోవడానికి. నడిపించే మేడం చిన్న వయసుది. ఆమె పెట్టిన నియమాలు మూడో నాలుగో. ఇక్కడ విన్నది ఈ గది దాటకూడదు. ఎవరూ ఎవరికీ సలహాలివ్వకూడదు. అయ్యో పాపం అని తొందరపడి ఓదార్చకూడదు. విన్నది మీకూ జరిగి ఉంటే, నాకూ అని చెప్పండి, చెప్పాలనిపిస్తేనే.

నాకూ. ఆ ఒక్క ముక్కలో ఏముందో మొదట్లో అర్థం కాలేదు. ఒకరోజు ఒక చిన్నపిల్ల, అప్పుడే పురుడు పోసుకున్న పిల్ల, తన బిడ్డకు స్నానం చేయించాలంటే భయమని చెప్పింది. నీళ్ళలో వదిలేస్తానేమోనని. చెప్పి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు సోలై నగర్ నుంచి వచ్చే సెల్వి, చేపలమ్మే మనిషి, గట్టి గొంతుది, నాకూ అంది. నా పెద్దవాడప్పుడు నాకూ అంతే. ఇంకొకామె, నాకూ అంది. ఆ పిల్ల తలెత్తి వాళ్ళ ముఖాలు చూసింది. తనకు పట్టిన పీడ లోకంలో తన ఒక్కదానికే పట్టిందనుకున్న మనిషి, అది కాదని తెలుసుకున్నప్పుడు ఎలా ఉంటుందో నేను అప్పుడు చూశాను. ఎవరూ ఏ మందూ ఇవ్వలేదు. ఆమె భుజాలు కిందికి దిగాయి, అంతే. ఆ రోజు ఇంటికొచ్చి నేనూ కాసేపు కునుకు తీశాను. మాత్ర చేసే పని మాత్ర చేస్తుంది, ఇది చేసే పని ఇది చేస్తుంది అని మేడం అనేది. నిజమే అని ఒప్పుకున్నాను.

కానీ నేను నా మాట ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకంటే ఆ గుండ్రంలో కోసపాళయం విశాలం అక్క ఉంది. జాకెట్లు కుడుతుంది. వాళ్ళాయనా మావారూ ఒకే మిల్లు. మా ఇంటి చావుకు వచ్చింది, నేను పడిపోతే పట్టుకుంది కూడా. మొదటి వారమే గదిలో అందరికీ చెప్పేసింది, ఈవిడ మొగుడి కోసం ప్రాణం ఇచ్చే మనిషి అని. ఆ మాట చాటున హాయిగా కూర్చున్నాను. నా వంతు వచ్చినప్పుడల్లా, ఆయన లేని ఇల్లు బోసిగా ఉంది, నిద్ర పట్టడం లేదు అనేదాన్ని. అందరూ తలలూపేవాళ్ళు. అబద్ధం చెప్పి ఓదార్పు పుచ్చుకున్నాను.

సుభద్రక్క ఆసుపత్రి బెంచీ మీద పరిచయమైంది. నేను ఫోన్లో మా చెల్లెలితో మాట్లాడుతుంటే విని, పక్కకు జరిగి, మీది తెలుగేనా అమ్మా అని అడిగి నవ్వింది. నా తెలుగు ఆమెకు నవ్వులాట. నేను యాడికి అన్నా, ఏంది అన్నా పెదాలు బిగించి నవ్వు ఆపుకునేది. ఆమెది యానాం. భర్త అక్కడే పోయాడు. కూతురికి ఇక్కడి ఆఫీసుకు బదిలీ అయితే వెంట వచ్చింది. యానాం, పుదుచ్చేరి ఒకే ప్రభుత్వం కిందవే, కాగితం మీద ఒకే ఊరంత దగ్గర. ఆమెకు మాత్రం ఇక్కడ ఒక్క ముక్క రాదు. కూరగాయల బండివాడికి వేలు చూపించి బేరమాడేది. కూతురు ఆఫీసుకు పోతే రోజంతా గోడలతో సరి. నాతో మాట్లాడటం మొదలుపెట్టిందంటే ఆపేది కాదు, దాహమైన మనిషి నీళ్ళు తాగినట్టు.

ఆమెను గ్రూపులోకి తీసుకున్నప్పుడు, ఆమె మాటల్ని నన్ను తమిళంలో చెప్పమన్నారు. మేడం ఒక షరతు పెట్టింది. ఆమె ఇలా అంటోంది, అలా అంటోంది అని చెప్పకండి. ఆమె నేను అంటే మీరూ నేను అనండి. లేకపోతే ఆమె మనిషిలా కాదు, కేసులా వినిపిస్తుంది అంది. సరేనన్నాను. నిజం చెప్పాలంటే పొంగిపోయాను. నోరు లేనివాళ్ళకు నోరయ్యానని గర్వం. మొదటి వారాల్లో ఉన్నదున్నట్టే చెప్పాను. నేను యానాంలో గోదారి గాలికి మేడ మీద పడుకునేదాన్ని, నాకు ఇక్కడి ఉప్పు నీళ్ళకి జుట్టు రాలిపోతోంది. నా గొంతులోంచి వచ్చే ఆమె మాటలకు అందరూ నవ్వారు, ఆమె అంటే ఇష్టపడ్డారు. విశాలం అక్క ఆమెకు జాకెట్టు కుట్టి తెచ్చింది. ఆమె ముఖంలో కళ వచ్చింది. వచ్చింది కాబట్టే, అంత నమ్మకం కుదిరింది కాబట్టే, ఆ రోజు ఆ మాట బయటపెట్టింది.

వానాకాలం. కిటికీలు మూసేశారు. ఆ రోజు ఆమె ఎవరినీ చూడకుండా, తన ఒళ్ళోని చేతుల్ని చూసుకుంటూ మొదలుపెట్టింది. భర్త ఆమెను ఎలా చూసేవాడో చెప్పింది. తాగుడు కాదు, అతనిది చెయ్యి. కారణం అక్కర్లేని చెయ్యి. నేను ఆ కాస్తా పొడిపొడిగా చెప్పాను, ఆయన కోపిష్ఠి అని. అప్పుడు ఆమె నా వైపు తిరిగింది.

"ఆయన పోయిన్రోజు నాకు ఏడుపు రాలేదమ్మా. హాయిగా అనిపించింది. ఇంక భయపడక్కర్లేదు కదా అనుకున్నాను. అలా అనుకున్న మనిషిని ఏవంటారో ఆళ్ళని అడుగు."

అందరూ నా నోరు చూస్తున్నారు. మేడం షరతు ప్రకారం నేను అనే చెప్పాలి, తమిళంలో. నాన్ అనాలి. విశాలం అక్క నాకు ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. నా మొగుడు పోయిన రోజు నాకు హాయిగా అనిపించింది అని, నా నోటితో, నా గొంతుతో, ఆమె ముఖంలోకి చూస్తూ అనాలి. సుభద్రక్క మాటే కదా, నాది కాదు కదా? ఎవరైనా అంతే అనుకుంటారు కదా? అనుకుంటారు. కానీ అది నాది కూడా. అందుకే నోరు పెగల్లేదు. వేరొకరి మాట చెబుతున్నట్టు చెప్పేటప్పుడు నా ముఖం నన్ను పట్టిస్తుందని భయం. ఒక్క క్షణంలో ఇదంతా ఆలోచించానా? ఏమో. ఇప్పుడు కూర్చి చెబుతున్నానేమో. అప్పుడు మాత్రం నా నోట్లోంచి వచ్చింది నా పాత పాటే.

ఆయన లేని ఇల్లు బోసిగా ఉంది, నాకు నిద్ర పట్టడం లేదు అని చెప్పాను.

విశాలం అక్క కళ్ళు తుడుచుకుంది. సెల్వి నిట్టూర్చింది. మేడం మెల్లగా, ఆయన గురించి మీకు ఎక్కువ గుర్తొచ్చేది ఏమిటి అని అడిగింది. దాన్ని నేను తెలుగులో సుభద్రక్కకు చెప్పాలి. చెప్పాను. ఆమె నన్ను చూసిన చూపు మీకు ఎలా చెప్పను? తన గుండె కోసి వాళ్ళ ముందు పెడితే, వాళ్ళు పెళ్ళి ఫోటో చూపించమన్నట్టు ఉంది ఆమెకు. ఏమీ లేదు అంది. అన్నీ గుర్తొస్తాయి అని నేను తమిళంలో చెప్పాను. ఒకదాని మీద ఇంకొకటి. ఆగడం నా వల్ల కాలేదు. తర్వాత వేరేవాళ్ళ వంతు వచ్చింది.

టీ తాగకుండానే ఇద్దరం బయటికొచ్చాం. వాన వెలిసింది. టెంపో కోసం నిలబడ్డాం. ఆమె కొంగు భుజం చుట్టూ లాక్కుని అడిగింది.

"నేను చెప్పింది ఆళ్ళకి అర్థమైందా అమ్మా?"

"అయిందక్కా."

"అంతా చెప్పావా?"

"అంతా చెప్పినాను."

"మరి ఎవరూ ఏవీ అనలేదేంటి?"

"ఏమంటారక్కా, అట్లాంటి మాటకి?"

ఇదీ నేను చేసింది. గదిలో చెప్పిన అబద్ధం భయంతో చెప్పాను. దాన్ని ఎవరైనా క్షమిస్తారేమో, నేనే ఒక్కోసారి క్షమిస్తాను. ఈ చివరి మాట మాత్రం ఎందుకన్నాను? ఆమె అడిగిన ప్రశ్నకు గదిలో ఎవరూ ఇవ్వని జవాబు నేనిచ్చాను, వాళ్ళందరి తరఫునా ఇచ్చాను. ఇంకా అడుగుతుందేమో, ఆరా తీస్తుందేమో అని ఆమె నోరు మూయించడానికి అన్నానా? లేక నా లోపల నన్ను నేను అనుకునే మాటనే ఆమె మీద విసిరానా? రెండూ నిజమేనని ఇప్పుడు అనిపిస్తుంది. ఆమె తలూపింది. అవునులే అంది. టెంపో వచ్చింది. ఇద్దరం ఎక్కాం. ముదలియార్‌పేటలో నేను దిగిపోయాను.

ఆ తర్వాత ఆమె గ్రూపుకు రాలేదు. మేడం అడిగితే కాళ్ళ నొప్పులన్నాను. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నన్ను చూసి లేచి, జుట్టు ముడేసుకుని, అక్కడ ఆళ్ళంతా బాగున్నారా అని అడిగింది. ఆ మాట అడిగేటప్పుడు సిగ్గుపడింది. సిగ్గు పడాల్సింది తానే అన్నట్టు. అప్పుడు చెప్పేయాల్సింది. కూతురు ఇంట్లో ఉంది, వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. కూతురి ముందు ఎలా చెప్పను అనుకున్నాను. మంచి సాకు దొరికింది. కాఫీ తాగి వచ్చేశాను. కొంతకాలానికి కూతురు బదిలీ పెట్టుకుంటే ఇద్దరూ యానాం వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళాక ఒక మంగళవారం, సెల్వి తనంతట తానే చెప్పింది. ఆమె మొగుడు సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదని మాకందరికీ తెలుసు. వెతకడానికి పడవలు వెళ్ళినప్పుడు, దొరక్కూడదని దేవుణ్ణి మొక్కుకున్నానని ఆ రోజు చెప్పింది. చెప్పి, ఇక మీరు నన్ను వెళ్ళగొట్టండి అన్నట్టు చుట్టూ చూసింది. మేడం తొందరపడలేదు. ఫ్యాను కిర్రుమంటోంది. నేను నేలను చూస్తూ కూర్చున్నాను.

నాకూ అంది ఒక గొంతు. విశాలం అక్క.

విశాలం అక్కే. నా ముఖంలో నిజం కనిపెట్టేస్తుందని నేను ఎవరికి భయపడ్డానో ఆ మనిషే. తన భర్త బతికే ఉన్నాడు, రోజూ అన్నం వడ్డిస్తూ ఇతను పోతే బాగుండునని అనుకుంటాను అని చెప్పింది. చెప్పి, ముక్కు చీది, నవ్వింది. ఇంకొకరు నాకూ అన్నారు. గదిలో ఏదో పెద్ద బరువు దించినట్టు అందరూ కాళ్ళు చాపుకున్నారు. వీళ్ళంతా ఆ రోజూ ఇక్కడే ఉన్నారు. ఇవే కుర్చీలు. ఒక్క వాక్యం ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే, సుభద్రక్క తలెత్తి ఈ ముఖాలు చూసేది. ఆ పురిటి పిల్ల భుజాలు దిగినట్టు ఆమె భుజాలూ దిగేవి. గ్రూప్ థెరపీ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే నేను చెప్పగలను, ఎందుకంటే అది ఒక మనిషికి చేయబోతుంటే నేను అడ్డంగా నిలబడ్డాను.

ఆ రోజైనా నేను నాకూ అన్నానా? అనలేదు. నా వంతు వస్తే, ఇవాళ తలనొప్పి అన్నాను. ఇన్ని గొంతులు విన్నాక కూడా. అప్పుడు నన్ను ఆపింది ఆ పాత భయం కాదు, ఇంకొకటి. నాకూ అంటే, మరి ఆ తెలుగామె ఆ రోజు ఏం చెప్పింది అని ఎవరైనా అడుగుతారేమోనని. ఎవరికీ ఆ ఆలోచనే రాదు. నాకు వస్తుంది.

ఫోన్ చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. అనుకోవడం నాకు బాగా వచ్చు. ఈ మధ్య నిజంగానే చేశాను. కూతురు ఎత్తింది. అమ్మ పోయి చాలా నెలలైందని చెప్పింది, గుండెపోటు. మీ నంబరు అమ్మ ఫోన్లో ఉండిపోయింది, నేను చూసుకోలేదు పిన్నీ, ఏమీ అనుకోవద్దు అంది. నన్ను క్షమాపణ అడిగింది. అక్కడ అమ్మకు తోడున్నది మీరొక్కరే అని కూడా అంది. యానాం డాక్టరు కూడా అమ్మను ఇలాంటి గ్రూపుకే వెళ్ళమన్నాడట. ఈసారి భాషకు ఇబ్బంది లేదు, అందరూ తెలుగువాళ్ళే. అమ్మ ససేమిరా అందట. ఒకసారి చెప్పాను, విన్నారు, చాలు అందట.

తర్వాత ఆ పిల్ల నన్ను అడిగింది, అక్కడ అమ్మ ఏం చెప్పింది పిన్నీ అని.

మీ నాన్న లేని ఇల్లు బోసిగా ఉందని చెప్పింది అన్నాను.

నా వంతున, ఆమె వంతున, ఇప్పుడు ఫోన్లో కూతురికి, అదే వాక్యం. ఈసారి అది అబద్ధమా, ధర్మమా? గదిలో విన్నది గది దాటకూడదు. తండ్రి గురించి తల్లి దాచుకున్నది కూతురికి నేనెలా చెప్పను? చెప్పకపోవడం న్యాయమే అనిపిస్తుంది. కానీ ఆ వాక్యం నా నోటికి అంత తేలిగ్గా, వెతుక్కోకుండా వచ్చిందే, అది చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. కూతురు ఏడ్చింది. అమ్మ నాన్నను అంతగా తలుచుకుందని తెలిసి ఏడ్చింది. ఆ ఏడుపు కూడా నా ఖాతాలోదే.

ఇక చెప్పుకోవడానికి ఎవరు మిగిలారు? ఆమె లేదు. కూతురికి చెప్పకూడదు. మంగళవారం వాళ్ళకు చెప్పే ధైర్యం లేదు, ఉందని మీ దగ్గర గొప్పలు పోను. ఇంట్లో కొడుకూ కోడలూ ఉన్నారు. మా అమ్మ నాకు పలక మీద తెలుగు అక్షరాలు దిద్దించింది, నేను నా కొడుక్కు దిద్దించలేదు. వాడు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. ఈ కాగితాలు అన్నం గిన్నె పక్కన వదిలేసినా ఈ ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. అందుకే తెలుగులో రాస్తున్నానని ఇప్పుడు, ఇది రాస్తుంటే తెలిసింది. అంటే మళ్ళీ అదే పని. ఒక భాషలో ఉన్నదాన్ని ఇంకో భాషలోకి రానివ్వకపోవడం.

మనిషి అంత తొందరగా మారదు. కనీసం ఈ భాషలోనైనా పూర్తిగా చెప్పాలి.

నా భర్తను కాటికి తీసుకెళ్ళాక, ఇల్లు కడిగి, తలమీద నీళ్ళు పోసుకుని, తడి జుట్టుతోనే చల్లటి నేలమీద పడుకున్నాను. సాయంత్రం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. పెళ్ళయినప్పటి నుంచి అలాంటి నిద్ర ఎరగను. లేచాక, అలా ఎలా నిద్రపోయానే అని భయమేసింది. మర్నాటి నుంచి నిద్ర లేదు. డాక్టరుకు చెప్పనిది అదే, మేడంకు చెప్పనిది అదే.

ఆయన పోయిన్రోజు నాకు ఏడుపు రాలేదు. హాయిగా అనిపించింది. ఇంక భయపడక్కర్లేదు కదా అనుకున్నాను. ఇవి సుభద్రక్క మాటలు, ఒక్కటి కూడా మార్చలేదు. నావి కూడా. అలా అనుకున్న మనిషిని ఏమంటారో అడగమని ఆమె నాతో చెప్పింది. ఆమెకు జవాబు అందదు, నాకు అడిగే అర్హత లేదు. అయినా మిమ్మల్ని అడిగాను.